అప్‌గ్రేడ్ మధ్యలో ఆగి "పాత ఫైలా, కొత్త ఫైలా" అని అడిగితే: తరచుగా అడిగే ప్రశ్నలు

నల్లగొండ, మిర్యాలగూడ, జడ్చర్ల, పాలమూరు వైపు రైస్ మిల్లుల్లో, డిగ్రీ కాలేజీల్లో, చిన్న ఆస్పత్రుల్లో ఏదో ఒక మూల ఉబుంటు గానీ డెబియన్ గానీ నడిచే సర్వర్ ఒకటి ఉంటుంది. దాన్ని పెట్టిన అబ్బాయి హైదరాబాద్‌లో ఉద్యోగం దొరికి వెళ్లిపోయి ఉంటాడు, ఇప్పుడు అప్‌గ్రేడ్ పని మీ నెత్తిన పడింది. అది మధ్యలో ఆగి, ఏదో ఒక ప్రోగ్రామ్ సెట్టింగులు రాసి ఉండే ఫైలు (కాన్ఫిగ్ ఫైలు) పాతదే ఉంచాలా, కొత్తది పెట్టాలా అని అడుగుతుంది. ఈ పేజీ మీ కోసమే. కమాండ్లు, ఫైళ్ల పేర్లు పలికినట్టే తెలుగులో రాశాను, టైపు చేసేటప్పుడు ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో కొట్టుకోండి. ఎక్కువ భాగం డెబియన్, ఉబుంటు గురించే, ఫెడోరా, అల్మా వాళ్లకు కింద ఒక జవాబు ఉంది.

అప్‌గ్రేడ్ సగంలో ఆగింది. వై, ఐ, ఎన్, ఓ, డీ, జెడ్ అని అక్షరాలు చూపిస్తోంది. ఏది నొక్కాలి?

ముందు కీబోర్డు మీద నుంచి చేయి తీయండి. అది ఎంతసేపైనా ఆగుతుంది, టైమ్ అయిపోయిందని తనంతట తాను ఏదీ ఎంచుకోదు. వై లేదా ఐ నొక్కితే ప్యాకేజీతో (ప్రోగ్రామ్, దాని ఫైళ్లు కలిపి వచ్చే మూట) వచ్చిన కొత్త ఫైలు పెట్టేస్తుంది. ఎన్ లేదా ఓ నొక్కితే ఇప్పుడున్న మీ ఫైలే ఉంచుతుంది. డీ నొక్కితే రెండింటికీ తేడా చూపిస్తుంది, జెడ్ నొక్కితే మిమ్మల్ని ఒక షెల్‌లోకి (కమాండ్లు కొట్టే చోటికి) వదులుతుంది, అక్కడ మీకు కావలసినంత సేపు చూసుకుని ఎగ్జిట్ అని కొడితే మళ్లీ అదే ప్రశ్న దగ్గరికి వస్తారు. ఊరికే ఎంటర్ కొడితే ఎన్ నొక్కినట్టే, మీ పాత ఫైలే ఉంటుంది.

నా మాట ఒక్కటే: మొదట డీ. పై వరుసలో ఏ ఫైలు గురించి అడుగుతోందో దాని పేరు ఉంటుంది, ఫోన్‌తో ఒక ఫొటో తీసి పెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది. ఈ ప్రశ్న ఆ ఒక్క ఫైలు గురించే కాబట్టి ఒక ఫైలుకు ఎన్ కొట్టి ఇంకోదానికి వై కొట్టినా ఏం కాదు.

వందల ప్యాకేజీలు మారుతుంటే ఆ రెండు మూడు ఫైళ్ల దగ్గరే ఎందుకు ఆగుతుంది?

పెళ్లి కార్డు ప్రూఫు అనుకోండి. ఇంటికి తెచ్చిన ప్రూఫు మీద మీరు పెన్నుతో ముహూర్తం దిద్దారు, అదే టైములో డీటీపీ షాపతను తన కంప్యూటర్‌లో పేర్ల వరుస సరిచేసి కొత్త ప్రూఫు తీశాడు. ఇప్పుడు ఏది ప్రింటుకు పోవాలో ఎవరో ఒకరు అడగాల్సిందే కదా. డెబియన్, ఉబుంటుల్లో ప్యాకేజీలు ఎక్కించే ప్రోగ్రామ్ డీపీకేజీ. అది అడిగేదీ ఇలాంటి చోటే.

ప్యాకేజీ ఎక్కించిన రోజు ఆ కాన్ఫిగ్ ఫైలు ఎట్లుందో దాని ఎండీ5 సంఖ్యను (ఫైల్లోని రాతను బట్టి లెక్కగట్టే వేలిముద్ర లాంటిది) డీపీకేజీ తన స్టేటస్ ఫైల్లో రాసిపెట్టుకుంటుంది. అప్‌గ్రేడ్ వచ్చినప్పుడు మూడింటిని పోలుస్తుంది: అప్పట్లో వచ్చిన ఫైలు, ఇప్పుడు డిస్కు మీద ఉన్న ఫైలు, కొత్తగా వస్తున్న ఫైలు. మీరు ముట్టుకోలేదని తేలితే అడగకుండా కొత్తది పెట్టేస్తుంది. మీరు మార్చారు గానీ ప్యాకేజీ వాళ్లు ఏమీ మార్చలేదంటే మీది అట్లనే వదిలేస్తుంది. ఇద్దరూ మార్చినప్పుడే ఆగి అడుగుతుంది.

అన్నా, నేను ఆ ఫైలు ముట్టనే లేదు. అయినా "నువ్వు మార్చినవ్" అంటోంది?

అది "మీరు గానీ, ఏదైనా స్క్రిప్టు గానీ" అంటోంది, ఆ రెండో భాగం ఎవరూ చదవరు. హెచ్‌టీటీపీఎస్ సర్టిఫికెట్ కోసం సర్ట్‌బాట్ నడిపితే అది ఎన్‌జింక్స్ లేదా అపాచీ వెబ్ సర్వర్ల ఫైళ్లలో వరుసలు చేర్చుతుంది. కంట్రోల్ ప్యానెళ్లు, నెట్‌లో దొరికే "ఒక్క కమాండ్‌తో ఇన్‌స్టాల్" స్క్రిప్టులు ఇంకా చాలా గెలుకుతాయి. మీకంటే ముందు పని చేసినవాళ్లు మార్చి ఉండొచ్చు. చివర ఒక ఖాళీ స్పేస్ చేరినా ఎండీ5 మారిపోతుంది, అప్పుడు ఫైలు మారినట్టే లెక్క.

అప్‌గ్రేడ్‌కు ముందే ఏ ఫైళ్లు మారి ఉన్నాయో తెలుసుకోవాలంటే డెబ్‌సమ్స్ అనే చిన్న ప్యాకేజీ వేసుకుని, దానికి హైఫన్ సీఈ అనే ఆప్షన్ ఇచ్చి నడపండి. మారిన కాన్ఫిగ్ ఫైళ్ల పేర్లు మాత్రమే వస్తాయి. ప్రశ్నలు దాదాపుగా ఆ లిస్టులో నుంచే వస్తాయి కాబట్టి ముందు రోజు సాయంత్రం టీ తాగుతూ తీరిగ్గా చూసుకోవచ్చు, అర్ధరాత్రి టెన్షన్ ఉండదు.

డీ నొక్కితే ప్లస్‌లు, మైనస్‌లు వచ్చాయి. ఎట్ల చదవాలి?

మైనస్‌తో మొదలయ్యే వరుస మీ ఫైల్లో ఉన్నది, ప్లస్‌తో మొదలయ్యేది కొత్త ఫైల్లో ఉన్నది. స్పేస్ నొక్కితే కిందికి పోతుంది, క్యూ నొక్కితే బయటికి వస్తుంది. చాలామంది ఈ క్యూ దగ్గరే చిక్కుకుని, అప్‌గ్రేడ్ బిగుసుకుపోయిందనుకుని టెర్మినల్ విండో మూసేస్తారు.

ముందు మైనస్ వరుసలు మాత్రమే చదవండి. అవి వై కొడితే మీరు పోగొట్టుకునేవి. వాటిలో మీకు గుర్తున్న పోర్టు నంబరు, ఐపీ అడ్రసు, ఫోల్డరు పేరు ఏదైనా కనిపిస్తే ఎన్ కొట్టండి. మైనస్‌లన్నీ హ్యాష్ గుర్తుతో మొదలయ్యే కామెంట్లే అయి, వాటిలో మీరు కావాలని హ్యాష్ పెట్టి ఆపిన వరుస లేకపోతే, వై కొట్టినా పెద్దగా నష్టం ఉండదు. ఆ తర్వాత ప్లస్ వరుసలు చూడండి, కామెంటు కాని ప్లస్ ఏదైనా ఉంటే అది కొత్తగా వచ్చిన సెట్టింగ్, లేదా మీరు తీసేసినది, దాన్ని రాసిపెట్టుకోండి.

రెండూ కావాలనిపిస్తే జెడ్ నొక్కండి. ఆ సమయంలో కొత్త ఫైలు, మీ ఫైలు పక్కనే, చివర డాట్ డీపీకేజీ హైఫన్ న్యూ అనే పేరుతో ఉంటుంది. దాన్ని చూస్తూ మీ ఫైల్లో కావలసిన వరుసలు చేర్చి, సేవ్ చేసి, ఎగ్జిట్ కొట్టి, ఎన్ నొక్కండి.

నీలం రంగు తెర వచ్చి వేరేలా అడుగుతోంది, అక్షరాలేమీ లేవు?

ఉబుంటులో అయితే వంకాయ రంగులో వస్తుంది. అడిగేది యూసీఎఫ్ అనే ఇంకో పనిముట్టు. ఎస్ఎస్‌హెచ్‌డీ కాన్ఫిగ్ (దూరం నుంచి లాగిన్ అయ్యే ఎస్ఎస్‌హెచ్ సర్వర్‌ది), గ్రబ్ (సిస్టమ్‌ను బూట్ చేసేది) డిఫాల్ట్ ఫైలు, పీహెచ్‌పీ ఐఎన్ఐ, సాంబా (విండోస్ కంప్యూటర్లకు ఫోల్డర్లు పంచేది) ఎస్ఎంబీ కాన్ఫ్ లాంటివి దీని కిందికి వస్తాయి. ప్రశ్న అదే, బాణం మీటలతో మెనూలో ఎంచుకోవాలి. మెనూలో తేడా పక్కపక్కన చూపించే ఎంపిక ఉంటుంది, కొన్నిసార్లు మూడు ఫైళ్లనూ కలిపే ఎంపిక కూడా ఉంటుంది. కలపడం చిన్న ఫైళ్లకు బాగానే పని చేస్తుంది, పెద్దవాటికి నేను దాని మీద భారం వేయను. ఇది దాచే కాపీల చివర డీపీకేజీ బదులు యూసీఎఫ్ అని ఉంటుంది, వెతికేటప్పుడు రెండు పేర్లతోనూ వెతకండి.

సర్వర్ మిర్యాలగూడ మిల్లులో ఉంది, నేను నల్లగొండ నుంచి ఎస్ఎస్‌హెచ్‌లో చేస్తున్నా. ఎస్ఎస్‌హెచ్‌డీ కాన్ఫిగ్ గురించి అడిగితే?

మీ ఫైలే ఉంచండి. మీరు పోర్టు మార్చి ఉంటే, పాస్‌వర్డ్ లాగిన్ ఆపి ఉంటే, కొత్త ఫైలు పెట్టగానే అవన్నీ పోతాయి, రౌటర్‌లో ఫార్వర్డ్ చేసింది ఒక పోర్టు, సర్వర్ వినేది ఇంకో పోర్టు అవుతుంది, ఇక బండి తీసుకుని మిల్లుకు పోవాల్సిందే.

ఉంచి ఊరుకోవద్దు. అప్‌గ్రేడ్ అయ్యాక, రీబూట్‌కు ముందు, సుడో ఎస్ఎస్‌హెచ్‌డీ హైఫన్ టీ అని నడపండి. ఫైల్లో కొత్త వెర్షన్‌కు అర్థం కాని మాట ఉంటే అక్కడే చెబుతుంది, ఏమీ అనకుండా తిరిగొస్తే ఫైలు బాగున్నట్టు. ఆ తర్వాత ఇప్పుడున్న కనెక్షన్ మూయకుండానే ఇంకో టెర్మినల్ తెరిచి కొత్తగా లాగిన్ అయి చూడండి.

ఉబుంటులో డూ రిలీజ్ అప్‌గ్రేడ్ కమాండ్‌ను ఎస్ఎస్‌హెచ్ మీద నడిపితే అది జాగ్రత్త కోసం 1022 పోర్టు మీద ఇంకో ఎస్ఎస్‌హెచ్ సర్వర్ తెరుస్తుంది. మంచిదే, కానీ ఫైర్‌వాల్‌లోనూ రౌటర్‌లోనూ ఆ పోర్టు మీరు తెరిస్తేనే పనికొస్తుంది. దాన్ని చూసి ధైర్యపడి పోర్టు తెరవడం మర్చిపోయేవాళ్లే ఎక్కువ. ఇంకోటి, ఉబుంటు 24.04లో ఎస్ఎస్‌హెచ్‌ను సిస్టమ్‌డీ (సర్వీసులను లేపే ప్రోగ్రామ్) సాకెట్ నడిపిస్తుంది, కాబట్టి పోర్టు మార్చాక సిస్టమ్ సీటీఎల్ డీమన్ రీలోడ్ చేసి, ఎస్ఎస్‌హెచ్ డాట్ సాకెట్‌ను రీస్టార్ట్ చేయాలి. ఎస్ఎస్‌హెచ్ సర్వీసును మాత్రమే రీస్టార్ట్ చేసి "పోర్టు మారలేదేంది" అని పరేషాన్ కావద్దు.

తొందరలో వై కొట్టేశాను. నా సెట్టింగులు పోయినట్టేనా?

పోలేదు. అదే ఫోల్డర్‌లో అదే పేరుతో, చివర డాట్ డీపీకేజీ హైఫన్ ఓల్డ్ అని మీ పాత ఫైలు ఉంటుంది. డిఫ్ కమాండ్‌తో రెండూ పక్కపక్కన చూసి మీ వరుసలు తెచ్చుకోండి. మొత్తం పాత ఫైలును మీదేసి కాపీ కొట్టడం తేలికే, కొత్తగా వచ్చిన సెట్టింగులు పోతాయన్నది తెలిసి కొట్టండి.

ఎన్ కొట్టాను, అంతా నడుస్తోంది. ఇక పని అయిపోయినట్టే కదా?

అప్పుడే కాదు. కొత్త ఫైలు డాట్ డీపీకేజీ హైఫన్ డిస్ట్ అనే పేరుతో పక్కన పడి ఉంటుంది. డీపీకేజీ ఈ కొత్త ఫైలు ఎండీ5ను తన స్టేటస్‌లో రాసేసుకుంది, కాబట్టి ప్యాకేజీ వాళ్లు మళ్లీ ఆ ఫైలు మార్చేదాకా ఇంకోసారి గుర్తు చేయదు. అలా నాలుగైదు అప్‌గ్రేడ్‌లు ఎన్ కొడుతూ పోయిన సర్వర్లు మన దగ్గర మస్తుగా ఉన్నాయి, ప్రోగ్రామ్ కొత్తది, కాన్ఫిగ్ మాత్రం ఎప్పటిదో. నడుస్తూనే ఉంటాయి, ఒకరోజు నడవవు.

పాత ఫైలు ఉంచడం ఎప్పుడైనా ప్రమాదమా?

అవును. డెబియన్ 13 దానికి మంచి ఉదాహరణ. అందులో మెయిల్ సర్వర్ డవ్‌కాట్ 2.4కు మారింది, 2.3 కాలపు కాన్ఫిగ్ దానికి పనికిరాదు. అక్కడ మీ ఫైలు ఉంచితే డవ్‌కాట్ లేవదు, కొత్తది పెడితే మీ సెట్టింగులు ఉండవు. కూర్చుని కొత్త పద్ధతిలో తిరిగి రాసుకోవడం తప్ప దారి లేదు. ఆ పని అప్‌గ్రేడ్ రోజు పెట్టుకోకండి, ముందే ఒక వర్చువల్ మెషీన్‌లో రాసి చూడండి.

అదే డెబియన్ 13లో, కాన్ఫిగ్ ఫైళ్లన్నీ ఉండే ఈటీసీ ఫోల్డర్‌లోని సిస్‌సీటీఎల్ డాట్ కాన్ఫ్ ఫైలును (కెర్నెల్ సెట్టింగులు ఉండేది) బూట్ అప్పుడు సిస్టమ్‌డీ చదవడం మానేసింది. ఫైలు అక్కడే ఉంటుంది, మీ వరుసలు అందులోనే ఉంటాయి, పని మాత్రం చేయవు. ఆ వరుసలను సిస్‌సీటీఎల్ డాట్ డీ ఫోల్డర్‌లో డాట్ కాన్ఫ్‌తో ముగిసే ఒక ఫైల్లోకి మార్చాలి. ఇవన్నీ డెబియన్ రిలీజ్ నోట్స్‌లో "తెలుసుకోవాల్సిన సమస్యలు" అనే అధ్యాయంలో రాసి ఉంటాయి. పెద్ద అధ్యాయమేమీ కాదు, అప్‌గ్రేడ్‌కు ముందు అదొక్కటైనా చదవండి.

ఏ ప్రశ్నా రాలేదు, అప్‌గ్రేడ్ బాగానే అయింది. కానీ కాలేజీ వెబ్‌సైట్‌లో ఫొటోలు అప్‌లోడ్ కావట్లేదు!

నన్నడిగితే ప్రశ్న అడిగిన ఫైలు కంటే అడగని ఫైలే ఎక్కువ ముంచుతుంది. పీహెచ్‌పీ సంగతి చూడండి. ఉబుంటు 22.04లో పీహెచ్‌పీ 8.1, 24.04లో 8.3. డెబియన్ 12లో 8.2, 13లో 8.4. ప్రతి వెర్షన్‌కు ఈటీసీ కింద పీహెచ్‌పీ ఫోల్డర్‌లో వేరే సబ్‌ఫోల్డరు ఉంటుంది. 8.1 ఫోల్డర్‌లో మీరు అప్‌లోడ్ మ్యాక్స్ ఫైల్‌సైజ్‌ను 20 ఎంబీకి పెంచుకున్నారు, 8.3 ఫోల్డర్‌లో ఉన్నది అప్పుడే పుట్టిన కొత్త ఫైలు, అందులో అది 2 ఎంబీనే. రెండూ వేరువేరు ఫైళ్లు కాబట్టి డీపీకేజీ దృష్టిలో ఇక్కడ గొడవే లేదు, అడగడానికి ఏమీ లేదు. స్టూడెంట్ ఫోన్‌తో తీసిన మెమో ఫొటో 4 ఎంబీ ఉంటుంది, అది ఎక్కదు, ఆఫీసులో లొల్లి మొదలవుతుంది. పోస్ట్ మ్యాక్స్ సైజ్ కూడా మరవకండి, అది 8 ఎంబీ దగ్గర ఉంటుంది.

ఎన్‌జింక్స్ వాడేవాళ్లకు ఇంకో తలనొప్పి. మీ సైటు ఫైల్లో పీహెచ్‌పీ 8.1 సాకెట్ పేరు రాసి ఉంటుంది, అప్‌గ్రేడ్ తర్వాత ఆ సాకెట్ ఉండదు, తెర మీద 502 బ్యాడ్ గేట్‌వే. ఆ సైటు ఫైలు మీరు సొంతంగా పెట్టుకున్నది, ప్యాకేజీకి దానితో సంబంధం లేదు, దాన్ని ఎవరూ సరిచేయరు. మీరే 8.3కి మార్చుకోవాలి.

పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ కూడా ఇట్లనే. 22.04లో 14, 24.04లో 16. అప్‌గ్రేడ్ తర్వాత పాత 14 క్లస్టర్ (ఒక వెర్షన్ కింద నడిచే డేటాబేస్‌ల గుంపు), దాని డేటా అలాగే ఉంటాయి, పక్కన 16 క్లస్టర్ ఖాళీగా, సాధారణంగా 5433 పోర్టు మీద లేస్తుంది. మీ డేటా దానంతట అది 16లోకి పోదు. పీజీ అప్‌గ్రేడ్ క్లస్టర్ అనే కమాండ్‌తో తీసుకుపోవాలి, అది కాన్ఫిగ్ ఫైళ్లను కూడా తీసుకుపోతుంది. ముందుగా 16 ఖాళీ క్లస్టర్‌ను తీసేయాలి, లేకపోతే పేరు దగ్గర తన్నుకుంటుంది. అప్‌గ్రేడ్ చివర "పాతబడిన ప్యాకేజీలు తీసేయమంటారా" అని అడిగినప్పుడు అలవాటుగా యెస్ అనేసి పోస్ట్‌గ్రెస్ 14ను పంపించేశారో, ఆ డేటా చదివే ప్రోగ్రామే ఉండదు.

రాత్రికి ల్యాబులోని సిస్టమ్‌లన్నీ వాటంతట అవే అప్‌గ్రేడ్ కావాలి. ప్రశ్నలే రాకుండా చేయొచ్చా?

చేయొచ్చు. డెబియన్ ఫ్రంటెండ్‌ను నాన్ ఇంటరాక్టివ్ అని పెడితే చాలనుకుంటారు, చాలదు. అది డెబ్‌కాన్ఫ్ (ఆ నీలం తెర చూపించేది) అడిగే ప్రశ్నలను మాత్రమే ఆపుతుంది, వై-ఎన్ ప్రశ్న డీపీకేజీది. దానికి ఆప్ట్ గెట్ ద్వారా డీపీకేజీ ఆప్షన్లుగా ఫోర్స్ కాన్ఫ్‌డెఫ్, ఫోర్స్ కాన్ఫ్‌ఓల్డ్ రెండూ ఇవ్వాలి. మొదటిది డిఫాల్ట్ జవాబు ఉంటే అదే తీసుకోమంటుంది, లేని చోట రెండోది మీ పాత ఫైలు ఉంచమంటుంది. ఫోర్స్ కాన్ఫ్‌న్యూ అనేది కొత్తది పెట్టేస్తుంది. అందరివీ ఒకే రకంగా ఉండి, ఎవరూ ఏమీ మార్చని ల్యాబు సిస్టమ్‌లకు అది పనికొస్తుందేమో గానీ సర్వర్ దగ్గరికి దాన్ని రానివ్వకండి.

రోజువారీ సెక్యూరిటీ అప్‌డేట్ల కోసం అనటెండెడ్ అప్‌గ్రేడ్స్ పెట్టుకున్నవాళ్లు ఒకటి గమనించండి. ఏదైనా ప్యాకేజీకి ఈ ఫైలు ప్రశ్న వస్తుందని తెలిస్తే అది ఆ ప్యాకేజీని పక్కన పెట్టేసి, చేత్తో చేసుకోమని లాగ్‌లో రాసి ఊరుకుంటుంది. ఆటోమేటిక్‌గా అన్నీ ఎక్కుతున్నాయని మీరు అనుకుంటారు, ఆ ఒక్కటీ నెలల తరబడి ఎక్కదు. వార్ లాగ్ కింద దాని ఫోల్డర్‌లో ఉన్న లాగ్‌ను అప్పుడప్పుడు చూస్తుండండి.

అసలు ఈ గొడవే రాకుండా ఉండాలంటే?

ప్యాకేజీ ఇచ్చిన ఫైలును ముట్టుకోకండి. మీ మార్పులను పక్కన ఒక చిన్న ఫైల్లో పెట్టండి. ఇప్పుడు చాలా ప్రోగ్రాములకు డాట్ డీతో ముగిసే ఫోల్డరు ఉంటుంది, అందులో పెట్టిన ఫైళ్లు అసలు ఫైలుతో కలిపి చదువుతాయి. అసలు ఫైలు ప్యాకేజీ వాళ్లది, చిన్న ఫైలు మీది, డీపీకేజీకి అడగడానికి ఏమీ మిగలదు. ఎస్ఎస్‌హెచ్, సిస్‌సీటీఎల్, గ్రబ్, మరియాడీబీ, అన్నిటికీ ఈ ఏర్పాటు ఉంది. సిస్టమ్‌డీ సర్వీసులకైతే సిస్టమ్ సీటీఎల్ ఎడిట్ అని కొడితే ఆ ఫైలును అదే తయారు చేసి పెడుతుంది. పీహెచ్‌పీకీ కాన్ఫ్ డాట్ డీ ఉంది, కానీ అది వెర్షన్ ఫోల్డర్ లోపల ఉంటుంది కాబట్టి పైన చెప్పిన బాధ తప్పదు, ఆ ఒక్క ఫైలు కాపీ చేసుకుంటే సరిపోతుంది, అంతే తేడా.

ఒక తిరకాసు ఉంది. రెండు ఫైళ్లలో ఒకే సెట్టింగ్ ఉంటే ఎవరి మాట చెల్లుతుంది? సిస్‌సీటీఎల్, మరియాడీబీల్లో చివర చదివినది చెల్లుతుంది, కాబట్టి మీ ఫైలు పేరు 99తో మొదలుపెట్టండి. ఎస్ఎస్‌హెచ్‌లో పూర్తిగా తలకిందులు, మొదట చదివినదే చెల్లుతుంది. ఉబుంటు క్లౌడ్ సర్వర్లలో 50 క్లౌడ్ ఇనిట్ అనే ఫైలు ఉండి అందులో పాస్‌వర్డ్ లాగిన్ యెస్ అని రాసి ఉండొచ్చు. మీరు 99తో ఫైలు పెట్టి అందులో నో అని రాస్తే లాభం లేదు, పాస్‌వర్డ్ లాగిన్ తెరుచుకునే ఉంటుంది. 10తో మొదలుపెట్టండి. తర్వాత సుడో ఎస్ఎస్‌హెచ్‌డీ హైఫన్ పెద్ద టీ అని కొడితే చివరికి ఏ సెట్టింగ్ నిలిచిందో మొత్తం చూపిస్తుంది.

ఇంకో మాట, ఉబుంటు 18.04 కాలం నుంచి ఎన్ కొడుతూ వచ్చిన సర్వర్ అయితే ఆ పాత ఎస్ఎస్‌హెచ్‌డీ కాన్ఫిగ్‌లో ఇంక్లూడ్ అనే వరుసే ఉండదు. అది లేకపోతే డాట్ డీ ఫోల్డర్‌లో మీరు ఎన్ని ఫైళ్లు పెట్టినా ఎవరూ చదవరు. ఒకసారి కూర్చుని కొత్త ఫైలు పెట్టేసి, మీ వరుసలు చిన్న ఫైల్లోకి మార్చేయండి, తర్వాతి అప్‌గ్రేడ్‌కు ఈ ప్రశ్న రాదు.

ఈటీసీ ఫోల్డర్ బ్యాకప్ ఎట్ల తీసుకోవాలి?

టార్‌తో మొత్తం ఫోల్డరు ఒక ఫైలుగా చుట్టి వేరే మెషీన్‌లో పెట్టండి, పెద్దది కూడా కాదు. ఇంకా బాగుండాలంటే ఈటీసీ కీపర్ వేసుకోండి. అది ఆ ఫోల్డరును గిట్‌లో (మార్పుల చరిత్ర దాచే పనిముట్టు) పెట్టి, ఆప్ట్ నడిచిన ప్రతిసారీ ముందూ వెనకా కమిట్ చేస్తుంది, ఏ రోజు ఏ వరుస మారిందో గిట్ లాగ్‌లో కనిపిస్తుంది. ఆ గిట్‌ను బయటి సైట్లలో పబ్లిక్‌గా మాత్రం పెట్టకండి, అందులో షాడో ఫైలు కూడా ఉంటుంది, అంటే పాస్‌వర్డ్ హ్యాష్‌లు.

చేత్తో కాపీలు తీసేవాళ్లు ఎక్కడ పెడుతున్నారో చూసుకోండి. ఎన్‌జింక్స్ సైట్స్ ఎనేబుల్డ్ ఫోల్డర్‌లో డిఫాల్ట్ డాట్ బ్యాక్ అని పెట్టారనుకోండి, డెబియన్, ఉబుంటుల్లో ఎన్‌జింక్స్ ఆ ఫోల్డర్‌లోని ప్రతి ఫైలునూ చదువుతుంది, పేరు ఎట్లా ఉన్నా సరే. రెండు డిఫాల్ట్ సర్వర్లు ఉన్నాయని తిట్టి లేవదు. అపాచీ అలా కాదు, డాట్ కాన్ఫ్‌తో ముగిసేవే చదువుతుంది.

మిల్లులో కాటా దగ్గరున్న ఎక్స్‌పీ కంప్యూటర్ అప్‌గ్రేడ్ తర్వాత సాంబా షేర్ తెరవట్లేదు. ఎస్ఎంబీ కాన్ఫ్ నాదే ఉంచాను కదా?

మీ ఫైలు అట్లనే ఉంది, మీరు రాయని సెట్టింగ్ మారింది. సాంబా 4.11 నుంచి ఎస్ఎంబీ 1ను (ఫోల్డర్లు పంచుకునే పాత ప్రొటోకాల్) డిఫాల్ట్‌గా ఆపేశారు. ఎక్స్‌పీకి, పాత జిరాక్స్ మెషీన్ల స్కానర్లకు అదొక్కటే వచ్చు. విండోస్ 7, ఆ తర్వాతివి ఎస్ఎంబీ 2 మాట్లాడతాయి కాబట్టి వాటికి ఇబ్బంది లేదు. సర్వర్ మిన్ ప్రొటోకాల్‌ను ఎన్‌టీ1 అని రాస్తే ఎక్స్‌పీ తిరిగి తెరుస్తుంది, వానాక్రై లాంటివి పాకింది ఆ పాత ప్రొటోకాల్ లోపంతోనే అని గుర్తుంచుకుని, ఇంటర్నెట్‌కు దూరంగా ఉన్న నెట్‌వర్క్‌లో మాత్రమే రాయండి. కాటా దగ్గర ఆ పెట్టెను మార్చమని షావుకారుకు చెప్పడం అంతకంటే నయం.

ప్రశ్న తెర మీద ఉండగానే కరెంటు పోయింది.

వచ్చాక సుడో డీపీకేజీ డబుల్ హైఫన్ కాన్ఫిగర్ హైఫన్ ఏ అని కొట్టండి, ఆగిన చోట నుంచి మిగతా ప్యాకేజీలను సర్దుతుంది, ప్రశ్న మళ్లీ అడుగుతుంది. ఆ తర్వాత ఆప్ట్ హైఫన్ ఎఫ్ ఇన్‌స్టాల్, మళ్లీ ఫుల్ అప్‌గ్రేడ్. నెట్ పోతే వేరే సంగతి, ఉబుంటు అప్‌గ్రేడర్ తనే స్క్రీన్ అనే ప్రోగ్రామ్ (కనెక్షన్ తెగినా పని ఆగకుండా చూసేది) లోపల నడుస్తుంది కాబట్టి తిరిగి కలవొచ్చు. డెబియన్‌లో మీరే ముందు అలాంటిదే టీమక్స్ తెరిచి అందులో మొదలుపెట్టాలి.

ఏ టైములో చేయడం మంచిది?

మిల్లు అయితే యాసంగి వడ్లు దిగే ఏప్రిల్, మే నెలల్లో, వానాకాలం పంట వచ్చే దసరా తర్వాతి రోజుల్లో దాని జోలికి పోవద్దు. డిగ్రీ కాలేజీ అయితే దోస్త్ అడ్మిషన్లు నడిచేటప్పుడు వద్దు. బతుకమ్మ, దసరా సెలవులు కాలేజీకి బాగుంటాయి, కాకపోతే ఏదైనా తేడా వస్తే ఫోన్ ఎత్తే మనిషి కూడా ఊర్లో పండుగ చేసుకుంటూ ఉంటాడు, అది చూసుకోండి.

అలాగని వాయిదా వేస్తూ పోలేం. ఉబుంటు 20.04కు మామూలు సపోర్ట్ 2025 మేలో అయిపోయింది. 22.04కు 2027 ఏప్రిల్ దాకా ఉంది. 20.04 నుంచి నేరుగా 24.04కు దూకడం కుదరదు, మధ్యలో 22.04 మీదుగానే పోవాలి, అంటే ఈ ప్రశ్నలు రెండు విడతలుగా వస్తాయి. మొదటి విడత ఫైళ్లు సర్దుకున్నాకే రెండోది మొదలుపెట్టండి.

నేను కావాలనే ఒక కాన్ఫిగ్ ఫైలు డిలీట్ చేశాను. అప్‌గ్రేడ్‌లో తిరిగి వస్తుందా?

తనంతట తాను రాదు. డిలీట్ చేయడం కూడా మీ మార్పే అని డీపీకేజీ లెక్క. పొరపాటున పోయింది, కావాలి అంటే ఫోర్స్ కాన్ఫ్‌మిస్ ఆప్షన్‌తో ప్యాకేజీని మళ్లీ ఇన్‌స్టాల్ చేయాలి.

ఫెడోరా, అల్మా, రాకీ వాళ్ల సంగతి?

అక్కడ మధ్యలో ఆగి అడగడం ఉండదు. ప్యాకేజీ చేసినవాళ్లు ఫైలును నోరీప్లేస్ అని గుర్తు పెట్టి ఉంటే మీది ఉంచి కొత్తదాన్ని డాట్ ఆర్‌పీఎం న్యూ పేరుతో పక్కన పెడుతుంది. ఆ గుర్తు లేకపోతే కొత్తది పెట్టేసి మీదాన్ని డాట్ ఆర్‌పీఎం సేవ్ అని పక్కకు నెడుతుంది. నిశ్శబ్దంగా జరుగుతుంది కాబట్టి తర్వాత మీరే వెతకాలి. ఆర్‌పీఎం కాన్ఫ్ అనే పనిముట్టు హైఫన్ ఏతో నడిపితే ఒక్కో ఫైలు గురించి అడుగుతూ పోతుంది. ఆర్చ్‌లో అప్‌గ్రేడ్ అప్పుడు పక్కన పెట్టే కొత్త ఫైలు పేరు ప్యాక్‌న్యూ, అక్కడ ప్యాక్‌డిఫ్ వాడతారు.

అంతా అయ్యాక ఏమేం చూడాలి? ఆ డిస్ట్, ఓల్డ్ ఫైళ్లు తీసేయొచ్చా?

ఫైండ్ కమాండ్‌తో ఈటీసీ మొత్తంలో డీపీకేజీ హైఫన్, యూసీఎఫ్ హైఫన్ అనే ముక్కలున్న పేర్లు వెతకండి. ఒక్కోదాన్ని అసలు ఫైలుతో డిఫ్ పెట్టి, కావలసిన వరుస తెచ్చుకుని, ఆ తర్వాత ఆయా ప్రోగ్రామ్‌తోనే చెక్ చేయించండి. ఎన్‌జింక్స్‌కు ఎన్‌జింక్స్ హైఫన్ టీ, అపాచీకి అపాచీ సీటీఎల్ కాన్ఫిగ్‌టెస్ట్, సాంబాకు టెస్ట్‌పార్మ్, సుడోకు వీఐసుడో హైఫన్ సీ, పోస్ట్‌ఫిక్స్‌కు పోస్ట్‌ఫిక్స్ చెక్. గ్రబ్ ఫైలు ముట్టుకుంటే అప్‌డేట్ గ్రబ్ నడపడం మరవకండి.

సరిపోయాక తీసేయొచ్చు. క్రాన్ డాట్ డీ, సుడోయర్స్ డాట్ డీ ఫోల్డర్లలో పేరులో చుక్క ఉన్న ఫైళ్లను ఎలాగూ చదవరు, అక్కడ పడి ఉన్నా చెడు జరగదు. డేటాబేస్ పాస్‌వర్డ్ ఉన్న ఫైళ్ల పాత కాపీలను మాత్రం వదిలిపెట్టకండి, పాస్‌వర్డ్ అందులోనూ ఉంటుంది.